కూర్చునే అమ్మాయి

ఏడవ భాగం

పోయినవారం మనం చేతుల దగ్గర ఆగాం. నాలుగు పైకి లేచాయి, నాలుగు ఒళ్ళోనే ఉండిపోయాయి.

కొత్తగా చేరినవాళ్ళ కోసం సంగతి మళ్ళీ ఒకసారి. ఆ సంఘంలో మంచం దిగలేనివాళ్ళు, మెట్లు దిగలేనివాళ్ళు పద్నాలుగు మంది ఉన్నారు. వాళ్ళకి బల్ల, అంటే ప్రభువు రొట్టె, ద్రాక్షరసం, ఇంటికి తీసుకెళ్ళి ఇవ్వాల్సింది సంఘ పెద్దలు. పెద్దలు ఎనిమిది మంది. వాళ్ళ మోకాళ్ళు పదహారు. వాటిలో మాట వినేవి ఐదో ఆరో. పాస్టరు గారు ఇంకో రెండు సంఘాలు కూడా చూసుకోవాలి. అలా ఏడాదిన్నరగా ఆ పద్నాలుగు ఇళ్ళకి బల్ల వెళ్ళలేదు. "ఆ పని మాకు అప్పగించండి, ఇద్దరిద్దరుగా మేం వెళ్తాం" అని యువజనుల తరఫున అడిగింది రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి. ఓటు పెట్టారు. నాలుగుకి నాలుగు. సమానమైతే తీర్మానం వీగిపోయినట్టే. వీగిపోయినదాన్ని ఏడాది దాకా మళ్ళీ తేకూడదు, వేసిన ఓటు మార్చుకోకూడదు. పాస్టరు గారికి ఓటు లేదు. ఆ అమ్మాయికీ లేదు.

ఎందుకు లేదంటే, యువజన ప్రతినిధి గురించి సంఘ నిబంధనల పుస్తకంలో ఉన్నది ఒకే మాట: 'ఆ ప్రతినిధి పెద్దల సభలో కూర్చొనవలెను.' అంతే. ఆ పదవి మొదలైన దగ్గర నుంచీ, ముప్ఫై ఒక్క ఏళ్ళుగా, ప్రతినిధి అయినవాళ్ళందరూ తలుపు పక్క కుర్చీలో, స్విచ్చుబోర్డు కింద కూర్చున్నారు. మగపిల్లాడైతే 'కూర్చునే అబ్బాయి' అనేవాళ్ళు, ఆడపిల్లైతే 'కూర్చునే అమ్మాయి'. కూర్చునేవాళ్ళు ఫ్యాను వేస్తారు, టీ పోస్తారు, చివర ఆమేన్ అంటారు. ఈ అమ్మాయి మాత్రం లేచి నిలబడింది. "కూర్చోమని ఉంది సరే. ఓటు వెయ్యద్దని ఎక్కడుంది? ఒకసారి అసలు పుస్తకం చూపిస్తారా?" అంది. చేతిరాత పుస్తకం వెతికి శనివారం సభలో చదవమని పాస్టరు గారు కార్యదర్శికి చెప్పారు.

కార్యదర్శి టైపు మాస్టారు. ఒళ్ళో ఉండిపోయిన చేతుల్లో ఒకటి ఆయనది.

*

గురువారం పొద్దున మాస్టారు చర్చి వెనక గదిలో ఇనప బీరువా తెరిచారు. కలరా ఉండల వాసన గుప్పుమంది. పై అరలో పాత పాటల పుస్తకాలు, మధ్య అరలో బాప్తిస్మపు రిజిస్టర్లు, అన్నిటికీ అడుగున గుడ్డ అట్ట పుస్తకం. దుమ్ము దులిపి కిటికీ దగ్గర పెట్టుకున్నారు. జేబులోంచి ఆరంగుళాల స్టీలు స్కేలు తీసి మొదటి లైను కింద ఆనించారు.

ఆ స్కేలు ఆయన చేతికి ఆరో వేలు లాంటిది. నలభై ఏళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషి. చేరిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ మొదటి రోజు చెప్పే మాట ఒకటే: "కన్ను దొంగది. దాన్ని నమ్మకండి. లైను కింద స్కేలు పెట్టుకోండి." మాస్టారు కొట్టిన కాగితాన్ని మళ్ళీ చూడక్కర్లేదని ఊళ్ళో పేరు. సంఘం నిబంధనల పుస్తకాన్ని చేతిరాత నుంచి స్టెన్సిల్ మీదికి కొట్టిందీ ఆయనే, ముప్ఫై ఏడేళ్ళ వయసులో. అందరి ఇళ్ళలో ఉన్నది ఆ కాపీయే.

చేతిరాత మొదటి కార్యదర్శిది. కాంపౌండరుగా పనిచేసేవాడట. మందుల చీటీ రాసినట్టు కాకుండా ముత్యాల్లా రాశాడు. ప్రతి పుట అడుగునా అప్పటి పెద్దల సంతకాలు. మాస్టారు స్కేలు జరుపుకుంటూ వెళ్ళారు. పంతొమ్మిదో పుట. పదకొండో నిబంధన.

'యువజనులు తమలోనుండి ఒకరిని ప్రతినిధిగా ఎన్నుకొనవలెను.'

స్కేలు జరిగింది.

'ఆ ప్రతినిధి పెద్దల సభలో కూర్చొనవలెను.'

స్కేలు మళ్ళీ జరిగింది.

'ఆ ప్రతినిధి పెద్దల సభలో ఓటు వేయవలెను.'

మాస్టారు స్కేలు తీసి పక్కన పెట్టారు. కళ్ళద్దాలు తుడుచుకున్నారు. టైపు కాపీ తెరిచి పక్కన పరిచారు. అందులో లైన్లు రెండే. మూడోది లేదు.

ఏం జరిగిందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఇలాంటి తప్పుని ఆయన వందల కాగితాల్లో చూశారు. ఒకే మాటలతో మొదలయ్యే రెండు లైన్లు ఒకదాని కింద ఒకటి ఉంటే, మొదటిది కొట్టి తిరిగొచ్చిన కన్ను రెండోదాని మీద వాలుతుంది. ఇది కొట్టేశాంలే అనుకుని కిందికి దూకుతుంది. ఇన్‌స్టిట్యూట్ పిల్లలు దాన్ని 'గంతు' అనేవాళ్ళు. గంతుకి ఐదు మార్కులు పోయేవి.

ఆ స్టెన్సిల్ కొట్టిన రోజుని గుర్తు తెచ్చుకోవాలని చూశారు. ఒంట్లో బాగాలేదా? ఎవరైనా మధ్యలో పిలిచారా? ఏమీ గుర్తు రాలేదు. సాకుకి కూడా ఒక్క ముక్క దొరకలేదు. మామూలు రోజు, మామూలు కన్ను, అంతే.

"దొరికిందా మాస్టారూ?"

గుమ్మంలో కలప డిపో పెద్దాయన. పెద్దల సభకి ఆయనే పెద్ద, ఆ అమ్మాయికి మేనమామ కూడా. చర్చిలో జనం కూర్చునే బల్లలన్నీ ఆయన డిపో టేకువే, ఒక్కటి కూడా ఇంతవరకు కిర్రుమనలేదు. మనిషి చెడ్డవాడు కాదు. తను చేసినవి కిర్రుమనకూడదని కోరుకునే రకం.

"దొరికిందండీ" అన్నారు మాస్టారు, పుస్తకం మూస్తూ.

"ఈపాటికి చెదలు తినేసి ఉంటాయనుకున్నా. తిన్నా మనకి వచ్చిన నష్టం లేదు. పిల్లది ఏదో అడిగింది, అయ్యగారు ఏదో సరే అన్నారు. పాత గోడ గీకితే కొత్త గోడ బయటపడుతుందా చెప్పండి. సున్నమే రాలుతుంది." నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

మాస్టారు బీరువా వైపు చూశారు. తాళంచెవి ఒకటే ఉంది, అది తన జేబులోనే ఉంది. ఈ పుటని చూసిన కళ్ళు బతికున్నవాళ్ళలో తనవే. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడి, పుస్తకాన్ని తువ్వాల్లో చుట్టుకుని ఇంటిదారి పట్టారు.

*

ఇంట్లో అక్క ఉంది. మాస్టారి కంటే పదేళ్ళు పెద్ద, పురుళ్ళ నర్సుగా పనిచేసి మానేసింది. సంఘంలో సగం మంది ఆవిడ చేతుల్లోకే ఈ లోకానికి వచ్చారు. "అందర్నీ మొదట తలకిందులుగానే చూశాను. కొందరు ఇప్పటికీ అలాగే కనిపిస్తారు" అంటూ ఉంటుంది. రెండేళ్ళ కిందట తుంటి ఎముక విరిగినప్పటి నుంచి కిటికీ పక్క మంచమే. పెళ్ళి చేసుకోని అక్కా, భార్య పోయిన తమ్ముడూ ఆరేళ్ళుగా ఒకే కప్పు కింద ఒకరి దగ్గు ఒకరు వింటూ బతుకుతున్నారు.

తమ్ముడు సంఘ పెద్దే కాబట్టి ఆవిడకి బల్ల ఇంట్లోనే ఇవ్వచ్చు. ఆవిడే ఒప్పుకోలేదు. "మిగతా పదమూడు మందికి అందనిది నాకొక్కదానికి ఎందుకురా, తమ్ముడు పెద్దమనిషి అయ్యాడనా? ప్రభువు నీ ఒక్కడి చుట్టం కాదు" అంది. పోయిన ఆదివారం తమ్ముడి చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయిందని తెలిశాక, ఆయన పెట్టిన టీ తాగుతోంది గానీ బాగుందని అనడం మానేసింది. ఆ ఇంట్లో అంతకన్నా పెద్ద శిక్ష లేదు.

"బల్ల పెద్దలే తీసుకెళ్ళాలని నిబంధన ఉందక్కా" అన్నారాయన అప్పుడు.

"ఆ నిబంధన రాసినవాళ్ళందరికీ కాళ్ళు బాగున్నాయి కాబోలు" అంది అక్క.

ఆ రోజు నాలుగింటికి ల్యాబు అమ్మాయి వచ్చింది. గురువారం గురువారం వస్తుంది. అక్క చేతి గోళ్ళు తీసి, బీపీ చూసి, ఊరి కబుర్లు నాలుగు చెప్పి వెళ్తుంది. మాస్టారు పుస్తకాన్ని పాత టైపు మిషను మీది ముసుగు కింద దాచారు. వచ్చీ రాగానే దాని గురించే అడుగుతుందనుకున్నారు. ఆమె చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, "మాస్టారూ, నెయిల్ కట్టర్ ఎక్కడ పెట్టారు?" అని మాత్రం అడిగింది.

లోపలి గదిలో నవ్వులు. ముందుగదిలో మాస్టారు, టేబులు మీద ఆమె వదిలి వెళ్ళిన చిన్న నోటుపుస్తకం. తెరిచే ఉంది. ఒకరి రాతని చదవడం తప్పే, కానీ కన్ను దొంగదని ఆయనే చెప్పారు కదా.

'మూడో అంతస్తు తాతయ్య: రొట్టె పొడిగా మింగలేరు, తడిపి ఇవ్వాలి. ఎడమ చెవికే వినిపిస్తుంది.'

'కుట్టుమిషను ఆంటీ వాళ్ళ అత్తగారు: రెండు నుంచి మూడున్నర దాకా నిద్ర. లేపకూడదు. పాట పాడితే తనూ పాడతారు, మాటలు గుర్తులేకపోయినా రాగం గుర్తుంది.'

'కుక్క ఉన్న ఇల్లు: కుక్క మంచిదే, ఆయనే అరుస్తారు. కూర్చుంటే అరవరు.'

పద్నాలుగు ఇళ్ళూ అలా ఉన్నాయి. ఏ ఇంటికి ఏ ఇద్దరు వెళ్ళాలో, ఎవరికి బండి ఉందో, ఎవరికి ఏ వారం డ్యూటీ లేదో పక్కనే రాసి ఉంది. మాస్టారు ముప్ఫై ఏళ్ళుగా సభ మినిట్స్ రాస్తున్నారు. ఒక్క అక్షరం తప్పు పోని ఆ పుస్తకాలన్నిటిలో కలిపి ఇంతమంది మనుషులు లేరనిపించింది ఆయనకి. అడగడానికి ముందే ఈ పిల్లలు పద్నాలుగు గడపలూ తొక్కి వచ్చారు. అనుమతి రాకముందే పని నేర్చేసుకున్నారు.

ఆయన లేచి మిషను మీది ముసుగు తీశారు.

"అమ్మాయ్, ఒకసారి ఇలా రా. ఇది చదువు."

చేతులు తుడుచుకుంటూ వచ్చింది. వేలు పెట్టి మెల్లగా చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. ల్యాబులో రక్తం గొట్టం మీద పేరుని రెండుసార్లు చదివే అలవాటు. రెండోసారి మూడో లైను మీద వేలు ఆగిపోయింది.

"ఇది మన టైపు పుస్తకంలో లేదు కదా మాస్టారూ."

"లేదు."

"టైపు చేసిందెవరు?"

"నేనే."

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు. మాస్టారు కోపం కోసం సిద్ధపడ్డారు. ఆమెకి ఆ హక్కు ఉంది. ఆమెకి ముందు ఆ కుర్చీలో కూర్చున్న తొమ్మిది మందికీ ఉంది. ఏమన్నా సరే, సంజాయిషీ చెప్పకూడదని మాత్రం అనుకున్నారు.

"రెండు లైన్లూ ఒకేలా మొదలయ్యాయి. ఎవరికైనా కన్ను జారుతుంది" అంది.

"జారకూడదనే నలభై ఏళ్ళు పాఠం చెప్పాను తల్లీ."

ఆమె పుస్తకం మూసి, రెండు చేతులతో ఆయనకి ఇచ్చింది. "శనివారం లైను ఉందని చదవండి మాస్టారూ, చాలు. ఎలా పోయింది, ఎవరి వల్ల పోయింది అని నేను అడగను. ఇంకెవరైనా అడిగితే, పాత సంగతులు ఇప్పుడెందుకు అంటాను."

"నువ్వెందుకమ్మా అలా అనాలి?"

"నేను మీ దగ్గర టైపు నేర్చుకున్నా కదా. ఎవరైనా తప్పు కొడితే మీరు క్లాసులో గట్టిగా చెప్పేవారు కాదు. కాగితం మీద పెన్సిలుతో చిన్న చుక్క పెట్టి చేతికిచ్చేవారు. ఎవరి చుక్క వాళ్ళకే కనిపించేది."

ఆ చుక్క సంగతి ఆయనే మరిచిపోయారు. ఎప్పుడో దారిలో పడేసుకున్న వస్తువుని ఎవరో దాచి తెచ్చి ఇచ్చినట్టుంది.

"అది పదహారేళ్ళ పిల్లలకి, వాళ్ళ కాగితానికి" అన్నారు మాస్టారు. "ఈ కాగితం సంఘానిది. దీనికి చుక్క సరిపోదు."

"ఏమిట్రా అక్కడ గుసగుసలు?" లోపలి నుంచి అక్క.

మాస్టారు గుమ్మంలో నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పారు. అక్క విని, తీసిన గోళ్ళ వైపు చూసుకుంది.

"అరవై ఎనిమిదేళ్ళకి ఒక తప్పు దొరికిందన్నమాట. ఇప్పటికి నా తమ్ముడివే అనిపించావు. చెప్తావా, దాస్తావా?"

"చెప్తాను."

"అయితే వెళ్ళి టీ పెట్టు. ఇవాళ్టిది బాగుంటుంది."

*

శనివారం నాలుగున్నర. చర్చి వెనక గదిలో పొడవాటి బల్ల, చుట్టూ ఎనిమిది మంది, తలవైపు పాస్టరు గారు. తలుపు పక్క కుర్చీలో ల్యాబు అమ్మాయి. గోడకి అవతల హాల్లో ఆదివారం పాటలకి కీబోర్డు సాధన జరుగుతోంది. వాయించేది డిపో పెద్దాయన కొడుకు. ఒకే చరణం దగ్గర మళ్ళీ మళ్ళీ ఆగి మొదలుపెడుతున్నాడు.

మాస్టారు లేచి, స్కేలు పెట్టి, మూడు లైన్లూ చదివారు. తరవాత స్కేలు తీసేసి, కాగితం చూడకుండా చెప్పారు.

"ఈ మూడో లైనుని వదిలేసింది నేను. స్టెన్సిల్ కొట్టేటప్పుడు కన్ను దాటేసింది. పోయిన ఆదివారం ఈ అమ్మాయి అడిగితే నిబంధనలో లేదని చెప్పిందీ నేనే. నిబంధనే ముఖ్యమని చెయ్యి ఎత్తకుండా కూర్చున్నదీ నేనే. దయచేసి ఇది మినిట్స్‌లోకి రావాలి. నేనే రాస్తాను."

డిపో పెద్దాయన ముందు తేరుకున్నాడు.

"మాస్టారూ, మీరు తప్పు కొట్టారంటే నేను నమ్మను."

"నిజమేనండీ."

"నమ్మనంటే నమ్మను. మీరు కొట్టిన కాగితంలో కామా కూడా ఎవరూ పట్టుకోలేదు. ఆ కాంపౌండరే అదనంగా రాసి ఉంటాడు. రాసేటప్పుడు ఏ మందు వాసన చూశాడో ఏమో."

చుట్టూ తలలు ఊగాయి. అవును, మాస్టారు పొరపాటు పడటమేమిటి అన్నారు ఇద్దరు. తన మంచిపేరే తనకి ఎదురు సాక్ష్యం చెబుతుందని మాస్టారు కలలో కూడా అనుకోలేదు. నేను తప్పు చేశాను బాబోయ్ అని రుజువు చేసుకోవాల్సిన అవస్థ పగవాడికి కూడా వద్దు. ఆయన పుస్తకాన్ని బల్ల మీద తిప్పి పెద్దాయన ముందుకి జరిపారు. పుట అడుగున వేలు పెట్టారు.

"ఈ సంతకం ఎవరిదండీ?"

పెద్దాయన వంగి చూశాడు.

"మా నాన్నది."

"ఆయన చదవకుండా సంతకం పెట్టేవారా?"

"మా నాన్న ఎవరింటి శుభలేఖైనా రెండుసార్లు చదివేవాడు" అన్నాడు పెద్దాయన, గొంతు తగ్గించి. ఇక ఆ మాట మీద ఇంకేమీ అనలేదు.

అప్పుడు బల్లకి ఆ చివర నుంచి టైలరు నోరు విప్పాడు. పెద్దల్లో అందరికంటే చిన్నవాడు, నలభై దాటినవాడు.

"మాస్టారూ, నేను కూడా కూర్చున్నాను కదా. మూడేళ్ళు. ఆ కుర్చీలోనే."

"కూర్చున్నావయ్యా."

"అప్పుడే సంఘం సాయంత్రం బడి ఉంచాలా వద్దా అని వచ్చింది. నాలుగుకి నాలుగు పడ్డాయి. బడి పోయింది. నేను చదువుకున్నది ఆ బళ్ళోనే. నోరు మూసుకుని అందరికీ టీ పోశాను." తన అరచేతిని బల్ల మీద వెల్లకిలా పెట్టుకుని చూసుకున్నాడు. వేలి కొసన సూది పోట్లకి కాయ కాసింది. "అంటే నాకు అప్పుడు ఒక చెయ్యి ఉండేదన్నమాట."

మాస్టారు తల దించుకోలేదు. దించుకోవడం తేలికని తెలుసు.

"ఉండేది" అన్నారు. "నేను తీసేశాను."

గోడ అవతల కీబోర్డు ఆగింది. టైలరు కుర్చీ జరిపి లేచాడు. మాస్టారి వైపే వస్తున్నాడనుకున్నారంతా. అతను తలుపు దగ్గరికి వెళ్ళి, "లేమ్మా" అన్నాడు ల్యాబు అమ్మాయితో. ఆ కుర్చీని ఎత్తి తెచ్చి, బల్ల దగ్గర తన కుర్చీ జరిపి ఇంత చోటు చేసి వేశాడు. "ఇక్కడ కూర్చో. ఫ్యాను కావలసినవాళ్ళు వాళ్ళే వేసుకుంటారు."

మాస్టారు పక్కకి తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నారు. టైలరు తనని తిట్టి ఉంటే ఇంతకంటే తేలిగ్గా ఉండేది.

పాస్టరు గారు గొంతు సవరించుకున్నారు. "అయితే పోయిన ఆదివారం లెక్కింపు పూర్తి కాలేదన్నమాట. ఉన్న ఓట్లు తొమ్మిది, మనం అడిగినవి ఎనిమిది. వేసినవాళ్ళు మార్చుకోవడానికి లేదు. మిగిలిన ఒక్కటీ అడగాలి, అంతే." ఆమె వైపు తిరిగారు. "అమ్మా, యువజనులు ఇళ్ళకి బల్ల తీసుకెళ్ళాలన్న తీర్మానానికి నీ ఓటు ఎటు?"

ఎటో అందరికీ తెలుసు. మాస్టారు కలం మూత తీశారు. ఐదుకి నాలుగు అని రాయడానికి వేళ్ళు తొందరపడుతున్నాయి. ఆదివారమే పద్నాలుగు ఇళ్ళ తలుపులు తెరుచుకుంటాయి. అక్క ఇంట్లో బల్ల తీసుకుంటుంది, అందరితో పాటు.

అమ్మాయి చెయ్యి లేవలేదు. పుస్తకం మీద వంగి చదువుతోంది. రెండోసారి చదువుతోంది.

"నేను వెయ్యకూడదు అయ్యగారూ" అంది.

"అదేమిటమ్మా, ఇంతసేపూ చెప్పుకున్నది అదేగా."

"మూడో లైను గురించి చెప్పుకున్నాం. మొదటిది చూడండి. 'యువజనులు తమలోనుండి ఒకరిని ప్రతినిధిగా ఎన్నుకొనవలెను.' ఇది మాస్టారి టైపు పుస్తకంలో కూడా ఉంది, పోలేదు." తల ఎత్తింది. "నన్నెవరూ ఎన్నుకోలేదండీ. ఆరాధన అయ్యాక మామయ్య లేచి, మా మేనకోడలు ఖాళీగానే ఉంటుంది, దాని పేరు రాయండి అన్నాడు. మాస్టారు రాశారు."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. మాస్టారు కలం మూత పెట్టేశారు. మూడు రోజులుగా పోయిన లైను కోసం కుమిలిపోయారు. పోకుండా ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అందరి కళ్ళెదుటా ఉన్న లైనుని తనతో సహా ఒక్కరూ చదవలేదు. ఈ పిల్ల చదివింది, తనకి నష్టమని తెలిసీ చదివింది.

"ఆ మాట ఎవరడిగారమ్మా ఇప్పుడు?" అన్నాడు టైలరు. "నువ్వు కాకపోతే ఇంకెవరున్నారు? ఎత్తెయ్ చెయ్యి. అవతల మంచాల మీదివాళ్ళు ఏడాదిన్నరగా చూస్తున్నారు."

"నాకూ తెలుసు అన్నయ్యా. నేను నెలనెలా ఆ ఇళ్ళకి వెళ్తూనే ఉన్నాను." మామయ్య వైపు ఒకసారి చూసింది. "రేపు బల్ల పట్టుకుని వెళ్ళినప్పుడు, మిమ్మల్ని ఎవరు పంపారు అని అడుగుతారు. సంఘం పంపింది అని చెప్పాలి. మామయ్య పంపాడు అని చెప్పలేను. మాస్టారు తన తప్పు తనే లేచి చదివారు కదా. నాది నేను చదవకపోతే ఎలా?"

మాస్టారు ఆమెనే చూస్తున్నారు. గొంతు నిలకడగా ఉంది. బల్ల కింద మాత్రం ఓణీ కొసని వేలికి చుట్టి చుట్టి బిగిస్తోంది. ధైర్యం అంటే భయం లేకపోవడం కాదని ఆయన ఎక్కడో చదివారు, ఇవాళ చూశారు.

పాస్టరు గారు పుస్తకాన్ని తన వైపు తిప్పుకుని మొదటి లైను చదివారు. "ఓటు ఉంది, వేసే మనిషే ఇంకా తేలలేదు" అన్నారు. "లెక్కింపు అలాగే ఉంచుదాం. రెండు ఆదివారాల్లోగా యువజనులు తమ ప్రతినిధిని ఎన్నుకుంటారు. ఎవరు వస్తే వాళ్ళు ఆ తొమ్మిదో ఓటు వేస్తారు. దాంతో తీర్మానం అటో ఇటో తేలిపోతుంది."

డిపో పెద్దాయన అప్పటిదాకా తండ్రి సంతకాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఇప్పుడు వెనక్కి వాలాడు. మనసులోనే కొలతలు వేసుకునే మనిషి, వేసేసుకున్నాడు.

"చాలా సబబు. ఎన్నికే పెట్టండి. మావాడు నిలబడతాడు."

"మీవాడా?" అన్నాడు టైలరు.

"కుర్రాళ్ళంతా ఆదివారం వాడి కీబోర్డుకే లేచి నిలబడతారు, ఎన్నికలో వాడి వెనక నిలబడరా? బల్ల పవిత్రమైనది. దాన్ని బండి మీద పెట్టుకుని తిరిగే రోజు నేను ఉండగా రాకూడదు. మా వాడి ఓటు ఎటో మేం ఇంట్లో మాట్లాడుకుంటాం." మేనకోడలి వైపు చూశాడు. చూపులో ద్వేషం లేదు. పేకముక్క బాగా పడ్డవాడి నింపాదితనం ఉంది. "ఎన్నిక కావాలన్నది నువ్వేగా అమ్మాయ్."

"నేనే మామయ్యా. బావ నిలబడితే మంచిదే. పోటీ లేకపోతే అది ఎన్నికెలా అవుతుంది?"

ఆ మాట అన్నదే గానీ మొహంలో రంగు పోయింది. పద్నాలుగు ఇళ్ళనీ చేతికి అందినట్టే అంది, చేజేతులా వదిలేసింది. మాస్టారికి వెళ్ళి తల మీద చెయ్యి వెయ్యాలనిపించింది. సభలో అలాంటి అలవాటు లేదు.

తలుపు చప్పుడైంది.

గుమ్మంలో డిపో పెద్దాయన కొడుకు. చేతిలో పాటల కాగితాలు. కీబోర్డు ఆగి చాలాసేపైందని అప్పుడు గానీ ఎవరికీ తట్టలేదు.

"గోడ పల్చనిది నాన్నా" అన్నాడు. "అంతా వినిపించింది. నన్ను నిలబెట్టేశావు. నన్నొక మాట అడిగావా?"

"అడిగేదేముందిరా ఇందులో? మన ఇంటి మాట. నిలబడతావు, అంతే."

కుర్రవాడు గదిలోకి రెండడుగులు వేశాడు. తలుపు పక్క కుర్చీ లేని ఖాళీని చూశాడు. బల్ల దగ్గర కూర్చున్న మరదల్ని చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

"సరే, నిలబడతాను" అన్నాడు.

పెద్దాయన మీసం కింద నవ్వు కదిలింది.

"నిలబడతాను. కానీ ఆ ఓటు ఎటు వేస్తానో మాత్రం నీకు చెప్పను నాన్నా. దీనికీ చెప్పను."

పెద్దాయన నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. పాస్టరు గారు కళ్ళద్దాల మీద నుంచి చూశారు. అందరికంటే ముందు నోరు విప్పింది ల్యాబు అమ్మాయే.

"ఎటు వేస్తావో చెప్పకపోతే నీకు ఓటెందుకు వెయ్యాలి బావా? రేపటి నుంచి సంఘంలో పిల్లలందరూ అడిగేది అదే. మొదట నేనడుగుతున్నాను. చెప్పు, ఎటు?"

బల్ల చుట్టూ ఉన్న తలలన్నీ అతని వైపు తిరిగాయి. చేతిలోని పాటల కాగితాలని చుట్టగా చుడుతూ అతను తండ్రి మొహం వంక చూశాడు, తరవాత ఆమె వంక. చెప్పడానికే నోరు తెరిచాడు.